సెకనులో అరవయ్యో వంతు

ఆవిణ్ణి ఆ వీధిలో అందరూ మచ్చలక్క అనేవారు. ఆవిడ మొహం మీద మచ్చలున్నాయని కాదు, ఎవరి మొహం మీదున్నా తీసేస్తుందని. రెండు గదుల ఫోటో స్టూడియోలో ముందు గది భర్తది, కర్టెన్ వెనక గది ఆవిడది. ఆయన తీసిన ఫోటోల్లోని మొటిమల్నీ, కళ్ళ కింద నలుపునీ, చెదిరిన వెంట్రుకల్నీ ఆవిడ కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కొక్కటే తుడిచి, ప్రింటు తీసి, అంచులు కత్తిరించి కవర్లో పెట్టేది. పద్దెనిమిదేళ్ళుగా అదే పని.

"అక్కా, ముక్కు కూడా కాస్త తగ్గించకూడదూ?" అని ఎవరైనా అడిగితే, "ముక్కు మీ అమ్మానాన్నలిచ్చింది, దాని జోలికి నేను పోను. మొటిమంటావా, అది నిన్నొచ్చి రేపు పోయేదే. ఇవాళే పంపించేస్తా" అనేది.

భర్తని ఫోటోమాస్టారు అనేవారు. మాటకారి మనిషి. స్టూలు మీద బిర్రబిగుసుకుని కూర్చున్నవాణ్ణి రెండు మాటల్లో నవ్వించి, ఆ నవ్వు పూర్తిగా విచ్చుకునేలోపే క్లిక్కుమనిపించేవాడు. కెమెరా ఎప్పుడూ చేతిలోనే ఉండాలి. స్టాండు మూలన దుమ్ము కొట్టుకుపోయి ఉండేది. "స్టాండుకి కాళ్ళు మూడున్నా నడవలేదు. నాకు రెండే, అయినా మనిషి ఎటు తిరిగితే అటు తిరుగుతా" అనేవాడు.

ఒకరోజు పొద్దున ఆయన ఏదో ఆఫీసులో ఫోటోలు తీయడానికి వెళ్ళాడు. ఆవిడ ఒక్కతే షాపులో ఉంది. ఒక ముసలమ్మ కూతురి చెయ్యి పట్టుకుని వచ్చింది. పింఛను కాగితాలకి ఫోటో కావాలి, మధ్యాహ్నంలోగా అందించాలి. రేపు రమ్మనడానికి మచ్చలక్కకి మనసొప్పలేదు. బీరువాలోంచి రెండో కెమెరా తీసి, ముసలమ్మని స్టూలు మీద కూర్చోబెట్టి నొక్కింది. తెర మీద చూస్తే కళ్ళజోళ్ళు రెండు, గడ్డాలు రెండు.

ముసలమ్మ తొంగిచూసి, "ఏమ్మా, ఇందులో నేనిద్దరున్నాను. పింఛను కూడా ఇద్దరికిస్తారంటావా?" అంది.

ముగ్గురూ కడుపుబ్బా నవ్వారు. ఏడోసారికో ఎనిమిదోసారికో పనికొచ్చే ఫోటో ఒకటి వచ్చింది. కానీ వాళ్ళు వెళ్ళాక మచ్చలక్కకి సిగ్గేసింది. పద్దెనిమిదేళ్ళు ఫోటోల మధ్య బతికి, ఒక్క ఫోటో తీయడం చేతకాలేదు.

సాయంత్రం ఆయన రాగానే అడిగింది. "ఏవండీ, నాకు ఫోటో తీయడం నేర్పండి."

"నేర్పడానికేముంది? చూస్తే తెలిసిపోతుంది."

"ఏం చూస్తే?"

"వెలుగు. మనిషి. అంతే."

"అది మీకు తెలుస్తుంది. నాకెలా తెలుస్తుంది?"

ఆయన బుర్ర గోక్కున్నాడు. చెప్పకూడదని కాదు, ఆయనకి చెప్పడం రాదు. వంట చేసే మనిషిని ఉప్పెంత అని అడిగితే తగినంత అన్నట్టే.

ఆ సంగతి తనే తేల్చుకోవాలనుకుంది. మర్నాడు పని మధ్యలో ఒక ఫోటో మీద నొక్కితే వివరాల పట్టిక తెరుచుకుంది. ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నదే, కానీ ఫైలు పేరు చూసి మూసేయడం తప్ప ఎప్పుడూ కిందికి చదవలేదు. ఈసారి చదివింది. ఆ ఫోటో ఏ తేదీన, ఎన్ని గంటలకు తీశారో అందులో ఉంది. కెమెరా కన్ను సెకనులో ఎన్నో వంతు తెరుచుకుందో, ఎంత వెడల్పున తెరుచుకుందో, వెలుగు చాలనప్పుడు కెమెరా ఎంత గట్టిగా లాక్కోవాలో చెప్పే ఐ.ఎస్.ఓ. అంకె ఎంతో, ఫ్లాష్ వెలిగిందో లేదో, అన్నీ ఉన్నాయి. ఆయన నోటితో చెప్పలేనిదంతా ప్రతి ఫోటోలోనూ అంకెల్లో రాసిపెట్టే ఉంది.

ఖాళీగా పడివున్న ఒక డైరీ తీసి, స్కేలుతో నిలువు గీతలు గీసింది. రోజుకి పది పాత ఫోటోలు. తనకి బాగా నచ్చినవి ఐదు, ఆయన పక్కన పారేసినవి ఐదు. కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయన, పరుగెత్తుతున్న పిల్ల, రెండు వరుసల్లో నిలబడ్డ కుటుంబం, ఇలా ఒక్కోదాని పక్కన అంకెలు రాసుకుంది. వారం తిరిగేసరికి అంకెల వెనక మనుషులు కనపడసాగారు. పరుగెత్తే పిల్లకి ఐదువందలో వంతు. కదలని పెద్దాయనకి అరవయ్యో వంతు చాలు.

చదివింది చేసి చూడాలిగా. పక్క షాపు టైలరమ్మ మిషను ముందు కెమెరా పట్టుకుని చేరింది.

"కుట్టుకో, నా వైపు చూడకు. సూదిని ఆపుతా."

"సూది ఆపితే నేనేం కుట్టాలక్కా?"

అరవయ్యో వంతులో సూది ఉన్న చోట పొగలాంటి గీత పడింది. రెండువందల యాభైలో సూది రెండు ముక్కలుగా కనపడింది. రెండువేలకి పోతే, దారం ఎక్కించిన బెజ్జంతో సహా సూది గాల్లో నిలబడిపోయింది. టైలరమ్మ మిషను ఆపి ఆ ఫోటో వంక చాలాసేపు చూసింది. "ఇరవయ్యేళ్ళ నుంచి తొక్కుతున్నా. పరుగులో ఉన్నప్పుడు దీని మొహం ఎలా ఉంటుందో ఇవాళే చూశా" అంది.

అలా నేర్చుకుంటూ మూణ్ణెల్లు గడిచాయి. తర్వాత మచ్చలక్క పాస్‌పోర్టు ఫోటోల మీద పడింది. మళ్ళీ ప్రింట్లు అడుగుతారని ఏళ్ళ తరబడి నెలవారీగా దాచిన ఫోటోలవి. అదే స్టూలు, అదే తెల్ల తెర, అవే రెండు లైట్లు, అదే లెన్సు. మారేదల్లా మనిషే. కాబట్టి అంకెలు కూడా అవే ఉండాలనుకుంది.

అవే లేవు. మూడేళ్ళ కిందటి వానాకాలం దాకా అన్నీ సెకనులో అరవయ్యో వంతు. ఆ వానాకాలం తర్వాత నూట పాతికో వంతు. మరుసటి ఏడాది రెండువందల యాభై. పోయిన ఏడాది నుంచి ఐదువందలు. ఆ పక్కనే ఐ.ఎస్.ఓ. కూడా రెండువందల నుంచి పదహారువందలకి మెట్టు మెట్టుగా ఎక్కింది. ఈ మధ్య ఫోటోల్లో ఇసుక చల్లినట్టు చుక్కలెందుకొస్తున్నాయో ఆవిడకి అప్పుడు తెలిసింది. కెమెరా ముసలిదైపోయిందని ఏడాదిగా దాన్ని తిట్టుకుంటూ ఆ చుక్కల్ని తుడుస్తోంది.

ముందు లైట్లు మసకబారాయేమో అనుకుంది. కానీ వెలుగు తగ్గితే కెమెరా కన్ను ఇంకా ఎక్కువసేపు తెరవాలి. ఈయన ఇంకా తక్కువసేపు తెరుస్తున్నాడు. ఏదో కదులుతుంటే, ఆ కదలిక ఫోటోలో పడకుండా తొందరపడుతున్నాడన్నమాట. స్టూలు మీద ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నవాడు కదలడు. మరి ఎవరు కదులుతున్నారు?

డైరీ మీద పెన్సిల్ ఆగిపోయింది.

ఆ తర్వాత ఒకటొకటే గుర్తొచ్చాయి. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకోవడం, అదీ సగం నింపితేనే తాగడం. గడ్డం ఇంట్లో గీసుకునే మనిషి మంగలి షాపుకి పోవడం. బొత్తాల చొక్కాలు మానేసి టీషర్టులు వేసుకోవడం. "ఈ వయసులో కుర్రాడిలా తయారయ్యారే" అని తను ఆటపట్టించడం, ఆయన అవునన్నట్టు నవ్వేయడం.

రెండు రోజులు ఆవిడ నోరు మెదపలేదు. ఎలా అడిగినా దొంగని పట్టుకున్నట్టే ఉంటుందని భయం. మూడోరోజు మధ్యాహ్నం, షాపులో ఎవరూ లేనప్పుడు, ఆయన్ని కర్టెన్ వెనక్కి పిలిచింది. కంప్యూటర్ తెర మీద ఒక ముసలి జంట ఫోటో ఉంది. సోఫాలో చేతిలో చెయ్యేసుకుని కూర్చున్నారు.

"పాఠంలో ఒక అనుమానం. దీనికి ఐదువందలో వంతెందుకు పెట్టారు? అరవై చాలదూ?"

"పిల్లలు అటూ ఇటూ పరుగెడుతుంటే..."

"ఏవండీ, ఇందులో పిల్లలు లేరు."

ఆయన తెర వంక చూశాడు. తర్వాత ఆవిడ ముందున్న డైరీ వంక, అందులోని గీతలూ తేదీల వంక చూశాడు. మెల్లగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మొన్నటి నుంచి. మీకు?"

"మూడేళ్ళు." చేతులు రెండూ చంకల్లో పెట్టుకున్నాడు. "స్టాండు తీద్దామంటే ఎందుకని నువ్వడుగుతావు. అందుకే ఇలా నెట్టుకొచ్చా."

"నాకెందుకు చెప్పలేదు?"

"మా నాన్న చేతులు ఇలాగే ఉండేవి" అన్నాడు. "నలుగురిలో గ్లాసు పట్టుకుంటే ఒలికేది. ఆయన జన్మలో చుక్క ముట్టలేదు. అయినా అందరూ తాగుబోతు అనుకునేవారు. చిన్నప్పుడు నేనూ అనుకున్నా. అలా అనుకున్నానని ఆయనకి తెలుసు."

మచ్చలక్క ఆయన చంకల్లోంచి ఒక చెయ్యి లాగి తన ఒళ్ళో పెట్టుకుంది. అరచేతుల మధ్య అది పిట్టలా కొట్టుకుని కాసేపటికి కుదుటపడింది. ముందు గదిలో ఎవరో వచ్చి, "మాస్టారూ" అని పిలిచారు. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

ఆ వారమే నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళారు.

"ఎన్నాళ్ళుగా ఉందండీ?" అని డాక్టరుగారు అడిగారు.

"ఈమధ్యనే. రెండు మూడు నెలలనుకోండి" అన్నాడు ఫోటోమాస్టారు. అలవాటైన అబద్ధం నాలిక చివరే ఉంది.

మచ్చలక్క సంచిలోంచి డైరీ తీసి బల్ల మీద పెట్టింది. "మూడేళ్ళ కిందటి వానాకాలం దాకా అరవయ్యండీ. అక్కణ్ణుంచి నూట పాతిక. మరుసటేడు రెండువందల యాభై."

"ఏంటమ్మా ఇది, బీపీయా?" డాక్టరుగారు కంగారుపడ్డారు.

ఆవిడ విడమరిచి చెప్పింది. చెయ్యి ఎంత వణికితే కెమెరాకి అంత తొందర అవసరమని, ఆ తొందర ఫోటోలో తేదీతో సహా అచ్చయి ఉంటుందని. డాక్టరుగారు పేజీలు ఒక్కొక్కటే తిప్పారు. తిప్పుతున్నకొద్దీ కుర్చీలో ముందుకి జరిగారు.

"ఎప్పట్నుంచి అంటే ఎవరైనా నాకు చెప్పేది చాన్నాళ్ళు, కొన్నాళ్ళు, అంతే. తేదీలతో ఎవరూ తేలేదు. చూడండి, రెండేళ్ళు నెమ్మదిగా పెరిగింది. ఏడాదిగా ఉన్నచోటే ఉంది. ఇది నాకు పెద్ద సాయమమ్మా."

తర్వాత ఆయన్ని నడిపించి చూశారు, కాగితం మీద చుట్టలు గీయించారు, చేతులు ఒళ్ళో పెట్టుకోమన్నారు. ఒళ్ళో అవి కదలకుండా ఉన్నాయి. ఏదైనా పట్టుకుంటేనే వణుకు. "మీరు భయపడుతున్నట్టు పెద్ద జబ్బేం కాదిది. మంచాన పడేసేది కాదు. ఇలాంటిది కొన్ని కుటుంబాల్లో వస్తుంది. మాత్రలతో తగ్గుతుంది గానీ పూర్తిగా పోతుందని మాటివ్వలేను" అన్నారు.

మెట్లు దిగుతూ ఆయన, "నాన్న బతికున్నప్పుడు ఈ ముక్క ఎవరైనా చెప్పి ఉంటే" అని ఆగిపోయాడు. ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుని మిగతా మెట్లు దింపింది.

మాత్రలతో వణుకు సగానికి తగ్గింది. టీ గ్లాసు ఒక చేతికి వచ్చింది. కెమెరా మాత్రం ఆవిడ చేతికి వచ్చింది. ఇది ఇద్దరూ కూర్చుని తీర్మానించుకున్నది కాదు. ఒకరోజు ఆయన పాస్‌పోర్టు ఫోటోకి ఒకతన్ని నవ్విస్తూ, "నొక్కు" అన్నాడు. ఆవిడ నొక్కింది. అంతే.

ఆ ఏడాది బడి ఫోటోలకి ఇద్దరూ కలిసి వెళ్ళారు. ఆవరణలో మెట్ల మీద నలభైమంది పిల్లలు. ఆవిడ కెమెరా పట్టుకోవడం చూసి హెడ్‌మిస్ట్రెస్, "మాస్టారూ, మీరు తీయరా?" అంది.

"ఇకమీదట మాస్టారు ఆవిడేనండి. నేను కోతిని."

అన్నట్టే పిల్లల ముందు కోతిలా గెంతాడు. కెమెరా పట్టుకున్నన్నాళ్ళూ మొహం సగం దాని వెనకే ఉండేది. ఇప్పుడు మొహమంతా పిల్లల్దే. రెండు చేతులూ గాల్లో ఊపాడు, టీచరమ్మ నడకని అనుకరించాడు. నలభై మొహాలు ఒక్కసారిగా విచ్చుకున్నాయి. మచ్చలక్క ఊపిరి బిగపట్టి నొక్కింది.

షాపుకొచ్చి డైరీలో రాసుకోవడానికి మొదటి ఫోటో వివరాలు తెరిచింది. తీసినవారి పేరు అనే గడిలో ఎప్పుడూ కెమెరా కొన్న రోజు ఆయన ఎక్కించుకున్న పేరే ఉండేది. ఇప్పుడు దాని పక్కన ఆవిడ పేరు కూడా ఉంది.

"ఇదెప్పుడు చేశారు?"

"నిన్న, నువ్వు టైలరమ్మ దగ్గరికెళ్ళినప్పుడు. ఆ బుల్లి చక్రం తిప్పి ఒక్కో అక్షరం ఏరుకోవాలి. తల ప్రాణం తోకకొచ్చిందనుకో."

ఆవిడ తెర దగ్గరికి వంగింది. "ఇందులో ఒక అక్షరం రెండుసార్లుంది."

"చెయ్యి ఊగి పడిపోయింది. దిద్దనా?"

"అక్కర్లేదు."

"అంతమందికి తప్పు పేరు పోతుందే."

"పోనీండి" అంటూ ఆవిడ డైరీ దగ్గరికి లాక్కుంది. ఆ ఏడాది ఆ బడిలో తీసిన పదకొండు తరగతుల ఫోటోల్లోనూ ఆవిడ పేరుకి ఒక అక్షరం ఎక్కువే.