ఆ దసరాకు మా పెద్దమామ వాకిట్లో షర్బత్

మా చిన్నమామ లేని దసరా ఎలా ఉంటుందో అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. ఆయన మా అమ్మకు తమ్ముడు. మడికొండ దాటి కొంతదూరం పోతే వచ్చే ఊళ్లో వ్యవసాయం చేసేవాడు. దసరా నాడు పొద్దున్నే భార్యాపిల్లలతో వరంగల్లో బస్సు దిగి, మా పెద్దమామ ఇల్లు ఇంకా సందు అవతల ఉండగానే కేకలు మొదలుపెట్టేవాడు. ఆ కేక వినపడితే పిల్లలందరం ఒక్కసారి గడప దాటేవాళ్లం.

పెద్దమామ మిల్లులో సూపర్వైజర్. అమ్మమ్మ ఆయన దగ్గరే ఉండేది. మా ఇల్లు పక్క వీధిలోనే. పెద్దమామ ఇంటికి విశాలమైన వాకిలి ఉండటంతో దసరా ఎప్పుడూ అక్కడే. ముందురోజే కల్లు కుండలు వచ్చేవి. వాకిట్లో జంపఖానా పరిచి మగవాళ్లంతా గుండ్రంగా కూర్చుంటే, మధ్యలో చిన్నమామ. అమ్మమ్మ కూడా ఓ పక్కన కూర్చుని రెండు గుక్కలు తాగేది. చిన్నమామ చెప్పే ముచ్చట్లకు వాకిలంతా నవ్వుతో ఊగిపోయేది.

నేను ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న ఏడు వానాకాలం మొదట్లో ఆయనకు కామెర్లయ్యాయి. చాలా రోజులు దవాఖానలో ఉన్నాడు. ఇకమీదట చుక్క ముట్టినా బతకడం కష్టమని డాక్టర్ తేల్చి చెప్పాడు. చిన్నమామ ముట్టలేదు. ఆ మాట మీద గట్టిగా నిలబడ్డాడు. కానీ కల్లుతో పాటు ఆయన మాట కూడా ఆగిపోయింది. శ్రావణంలో చుట్టాల పెళ్లికి వెళితే, అందరూ తాగుతుంటే తను నీళ్ల గ్లాసు పట్టుకుని మూలన కూర్చున్నాడట. "ఒక్క గుటకకు ఏమైతది?" అని ఒకరు, "పెళ్లాం భయమా?" అని ఇంకొకరు. బువ్వ తినకుండానే లేచి బస్టాండుకు నడిచాడట. ఆ తర్వాత ఏ శుభకార్యానికీ పోలేదు.

బతుకమ్మ ఆటలు మొదలైన రోజుల్లో చిన్నమామ భార్య, మా అత్త, వరంగల్ వచ్చింది. పెద్దమామ ఇంట్లో అమ్మా, అమ్మమ్మా, నేనూ తంగేడు పూలు ముందేసుకుని కూర్చున్నాం. అత్త కూర్చోకుండానే చెప్పింది.

"దసరకు ఆయన రానంటాండు వదినె. పిల్లలను తీస్కొని నన్ను పొమ్మంటాండు."

"ఎందుకట?" అంది అమ్మ.

"అందరు తాగుతాంటె నేను నీళ్లు పట్టుకొని కూసుంటె వాళ్లకూ మంచిగుండదు, నాకూ మంచిగుండదు అంటాండు."

అమ్మమ్మ చేతిలో పూలు కింద పెట్టేసింది. "అయితె ఈపాలి కల్లు తేవద్దు."

లోపల గడ్డం గీసుకుంటున్న పెద్దమామ సగం సబ్బు మొహంతోనే బయటికి వచ్చాడు. "ఏందవ్వ నువ్వనేది? దసరకు కల్లు లేకపోతె వచ్చినోళ్లు ఏమనుకుంటరు? మందికి ఏం పొయ్యాలె మరి? చాయా?"

"షర్బత్ చేద్దాం మామ!" అన్నాను. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు. పెద్దమామ పెద్దగా నవ్వాడు. "షర్బతట! ఇంటినిండ మందికి షర్బతట! పెండ్లి చూపులా ఏంది పిల్ల?"

అమ్మమ్మ నవ్వలేదు. నా వైపు తిరిగి, "ఏం షర్బత్ చేస్తవు బిడ్డ?" అని అడిగింది. అంత శ్రద్ధగా నన్నొకరు సలహా అడగడం అదే మొదటిసారి. "సుగంధి" అన్నాను. "అల్లం బెల్లం ఒకటి. సీతాఫలం పాలు ఒకటి."

"చేయి. నేనున్న" అంది.

ఇక నా కాళ్లు నేల మీద లేవు. మరునాడు కాలేజీ నుంచి నేరుగా బజారుకు పరుగెత్తాను. చౌరస్తా దగ్గర వనమూలికలు అమ్మే పాత దుకాణం ఒకటుండేది. సుగంధి వేర్లు కావాలంటే సేటు గోనెసంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. "ఏటూరునాగారం దిక్కు నుంచి నిన్ననే వచ్చింది. జర వాసన చూడు బిడ్డా." వాన పడ్డ మట్టి, దాని వెనక ఏదో తియ్యటి పరిమళం. సంచి గుండెలకు హత్తుకుని ఇంటికి నడిచాను. దారిపొడుగునా అదే వాసన.

మొదటిసారి చేసింది పాడైంది. వేర్లు కడిగి, దంచి, నీళ్లలో వేసి కుతకుతా ఉడికించాను. ఎంత ఉడికితే అంత సారం వస్తుందనుకున్నా. అమ్మమ్మ చెంచాడు నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది. "గిది దవాఖాన మందు లెక్కున్నది బిడ్డ." అమ్మ కూడా రుచి చూసి పెరట్లోకి పరుగెత్తింది. ముగ్గురం నవ్వీ నవ్వీ అలిసిపోయాం.

రెండోసారి అమ్మమ్మే దారి మార్చింది. వేరు లోపలి కట్టెలాంటి భాగం తీసి పారేయించింది. పైతోలు మాత్రం దంచి, మరిగిన నీళ్లు పోసి, మూత పెట్టి మరునాటి దాకా కదపొద్దంది. పొద్దున వడగట్టి చక్కెర పాకంలో కలిపి, నిమ్మకాయ పిండితే ఎర్రటి గోధుమరంగు తేరింది. ఆ తేటలోకి గోలీసోడా వంచగానే బుస్సుమని నురుగు గ్లాసు అంచు దాకా పొంగింది. నేను ఎగిరి గంతేశాను. అమ్మ గ్లాసు లాక్కుని తాగి, మళ్లీ పొయ్యమని చాచింది. అల్లం బెల్లంలో మిరియాలు, పుదీనా వేశాం. గొంతులో సర్రున దిగి చెవుల దాకా వేడి పుట్టేది. కల్లుకు అలవాటుపడ్డ నాలుకలకు ఆ ఘాటు ఉండాలని అమ్మ పట్టుదల.

అప్పుడు నాకింకో ఆలోచన వచ్చింది. కొత్త కుండల్లో పోసి, తాటాకు దొప్పల్లో తాగిస్తే అచ్చం కల్లులాగే ఉంటుంది కదా! రెండు మూడు రోజులుండి ఊరికి బయల్దేరుతున్న అత్తకు ఉత్సాహంగా చెప్పాను. ఆమె వెంటనే తల అడ్డంగా ఊపింది.

"వద్దు పిల్ల. కల్లు లెక్క కనవడొద్దు. అట్ల చేస్తె తాగినప్పుడల్ల ఇది కల్లు కాదని యాదికొస్తది ఆయనకు. దీని తీరు దీనికుండాలె."

ఆ మాట విని అమ్మ పెళ్లిళ్లకు సామాన్లు అద్దెకిచ్చే చోటు నుంచి గాజు గ్లాసులు తెప్పించింది. సబ్జా గింజలు నానబెట్టాం. గ్లాసుల్లో పోసి ఎండకు ఎత్తి పట్టుకుంటే ఒకటి ఎరుపు, ఒకటి తేనెరంగు, ఒకటి పాలతెలుపు. ఆ అందం చూసి నేనే మురిసిపోయాను.

సద్దుల బతుకమ్మ నాడు పరీక్ష పెట్టాం. నీళ్లలో బతుకమ్మలు వదిలి, పాడి పాడి గొంతులు రాసుకుపోయి తిరిగొచ్చిన వాడకట్టు ఆడవాళ్లకు గడప దగ్గరే తలా ఓ గ్లాసు ఇచ్చాం. తాగీ తాగగానే, "ఎట్ల చేసిండ్రే?" "ఇంకోటి పొయ్యి!" "మా ఇంట్ల పెండ్లికి నువ్వే రావాలె పిల్ల!" గిన్నె అడుగు కనిపించేదాకా వదల్లేదు. ఆ గోలలో పెద్దమామ కూడా ఓ గ్లాసు పట్టుకుని అటు తిరిగి తాగడం నేను చూశాను. ఆ ఏడు కల్లు కుండలు రాలేదు.

దసరా తెల్లవారింది. ఫ్యాక్టరీ నుంచి రంపపు పొట్టులో పొర్లించిన ఐసుగడ్డ గోనెసంచిలో వచ్చింది. సోడా సీసాల పెట్టెలు వరుసగా దిగాయి. అమ్మ రోకలి పట్టుకుని ఐసు కొడుతుంటే పిల్లలు ముక్కలు ఎత్తుకుపోతున్నారు. సీతాఫలాల గుజ్జు తీసి తీసి నా వేళ్లు నానిపోయాయి. చుట్టాలు ఒక్కొక్కరే వస్తున్నారు. అత్త వచ్చింది, పిల్లలు వచ్చారు. వాళ్ల వెనక ఎవరూ లేరు.

"షర్బత్ చేస్తాండ్రని ఎంత చెప్పినా నమ్మలేదు, కదల్లేదు" అంది అత్త. అమ్మమ్మ లేచి గడప దాకా వెళ్లి సందు మొదలు వైపు చూసి వచ్చి కూర్చుంది. మళ్లీ లేచింది.

పెద్దమామ అంతా చూస్తూనే ఉన్నాడు. పండగకు కుట్టించుకున్న కొత్త తెల్లచొక్కా వేసుకున్నాడు. ఉన్నట్టుండి నన్ను పిలిచాడు. "ఓ పెద్ద సీసల నీ సుగంధి నింపు. సోడ గూడ కలుపు. నువ్వు ఎన్క కూసో. వాన్ని తీస్కొనే వద్దాం."

సీసా నింపి, బిరడా బిగించి, తడిగుడ్డ చుట్టి స్కూటర్ ఎక్కాను. కాజీపేట దాటాక రోడ్డంతా గుంతలే. ఎగిరెగిరి పడుతున్నాం. నేను సీసాను పెద్దమామ వీపుకు ఆనించి రెండు చేతులా పట్టుకున్నాను. మడికొండ దాటి మట్టిదారిలోకి తిరిగామో లేదో, ఢామ్మని పేలినట్టు చప్పుడు! బిరడా ఎగిరిపోయింది. సుగంధి పిచికారీ కొట్టినట్టు ఎగజిమ్మి పెద్దమామ మెడ, వీపు, చొక్కా అంతా తడిపేసింది. ఆయన కెవ్వున అరిచి స్కూటర్‌ను పొలం గట్టుకు కొట్టినంత పని చేశాడు.

"ఏమైందే!"

"మామ... షర్బత్ మామ..."

కిందకు దిగి చూసుకున్నాడు. కొత్తచొక్కా మీద ఎర్రగోధుమ మరకలు, చారలు చారలుగా. నేను ఏడుపుమొహం పెట్టాను. ఆయన చొక్కా వాసన చూసుకున్నాడు. "మంచి వాసనైతె వస్తాంది" అన్నాడు. అంతే, మళ్లీ స్కూటర్ ఎక్కించాడు.

చిన్నమామ ఇంటి ముందు మంచం వేసుకుని ఒక్కడే కూర్చున్నాడు. చాలా చిక్కిపోయాడు. అన్నను చూసి లేచి నిలబడ్డాడు. పెద్దమామ స్కూటర్ ఆపి అటు తిరిగేసరికి ఆ వీపు కనబడింది. చిన్నమామ కళ్లు పెద్దవయ్యాయి.

"ఏందన్న, పొట్టేలును నువ్వే కోసినవా? లేకపోతె అదే నిన్ను పొడిసిందా?"

పెద్దమామ నవ్వు ఆపుకోలేకపోయాడు. "నీ మేనకోడలు చేసిన సుగంధి రా! నీ కోసం తెస్తాంటె నా వీపే తాగింది!"

చిన్నమామ నవ్వడం మొదలుపెట్టాడు. ముందు మెల్లగా, తర్వాత కడుపు పట్టుకుని మంచం మీద కూలబడి. కామెర్లు వచ్చాక ఆయన అలా నవ్వడం నేను చూడలేదు. నేను చేతిలో ఖాళీ సీసాతో నిలబడ్డాను. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో తెలియడం లేదు.

"ఏం మిగలలేదా పిల్ల?" అని అడిగాడు.

"లేదు మామ. తాగాలంటె ఇంటికి రావాలె" అన్నాను.

"అందరు అదే తాగుతాండ్రా?"

"అందరు అదే. కల్లు తేనే లేదు. అమ్మమ్మ గూడ సుగంధే."

చిన్నమామ అన్న వైపు చూశాడు. "నా కోసం దసర బంద్ పెట్టినవా అన్న?"

"దసర నువ్వే బంద్ పెట్టినవు. లే, అంగి తొడుక్కో" అన్నాడు పెద్దమామ. చిన్నమామ ఇంట్లోకి పోయి రెండు చొక్కాలు తెచ్చాడు. ఒకటి తను తొడుక్కుని ఇంకొకటి అన్నకిచ్చాడు. ఆ చొక్కా పెద్దమామ పొట్ట దగ్గర గుండీలు పట్టలేదు. ముగ్గురం ఒకే స్కూటర్ మీద తిరిగొచ్చాం.

సందు మొదట్లోకి రాగానే ఆయన కేక వేశాడు. పిల్లలంతా గడప దాటి పరుగెత్తుకొచ్చారు. అమ్మమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని జంపఖానా దగ్గరికి తీసుకెళ్లి కూర్చోబెట్టింది. నేను గ్లాసు తెచ్చి ఇచ్చాను. ఆయన ఒక గుక్క తాగి ఆగాడు. అందరూ ఆయన మొహమే చూస్తున్నారు. గ్లాసు ఖాళీ చేసి, "ఇంకోటి తే" అన్నాడు. వాకిలంతా గొల్లుమని నవ్వింది.

ముసలి చుట్టం ఒకాయన మాత్రం, "ఇదంత సరే, కల్లేది?" అని గొణిగాడు. చిన్నమామే ఆయన చేతికి అల్లం బెల్లం గ్లాసు అందించాడు. "ముందు గిది తాగి మాట్లాడు బాబాయ్." ఆయన తాగాడు, దగ్గాడు, ముక్కు తుడుచుకున్నాడు, మళ్లీ గ్లాసు చాచాడు. ఆ మధ్యాహ్నం చిన్నమామ స్కూటర్ ప్రయాణం గురించి చెప్పిన కథలో పెద్దమామ వీపు మీద చుక్కలు ఏరులయ్యాయి, మడికొండ రోడ్డు వరదలో మునిగింది. ఆయన ముచ్చట్లు కల్లు చలవ అనుకునేవాళ్లం. ఆ రోజు గ్లాసులు నింపుతూ నింపుతూ వింటుంటే, అవన్నీ ఎప్పుడూ ఆయనవేనని తెలిసింది. అమ్మ వంటింటి గుమ్మంలో రోకలి పట్టుకుని అలాగే నిలబడి విన్నది. ఐసు కరిగి ఆమె కాళ్ల కిందికి పారింది.

సాయంత్రం జమ్మి ఆకు పంచుకుని అలయ్ బలయ్ తీసుకునేటప్పుడు అన్నదమ్ములిద్దరూ చాలాసేపు విడిపోలేదు.

పెద్దమామ కల్లు మానలేదు. మిగతా రోజుల్లో తాగేవాడు. దసరాకు మాత్రం ఆ వాకిట్లోకి కుండ రానివ్వలేదు. మరుసటి ఏడు పండగకు వారం ముందే చిన్నమామ సుగంధి వేర్ల మూట తలమీద పెట్టుకుని దిగాడు. మెల్లగా ఆ పని నా చేతిలోంచి లాగేసుకున్నాడు. ఎంత నానాలి, ఎంత పాకం, సోడా ఎప్పుడు కలపాలి, అన్నీ ఆయనే. నేను సలహా చెప్పబోతే, "నువ్వు చదువుకో పో" అనేవాడు.

నా పెళ్లిలో మగపెళ్లివారు పందిట్లోకి రాగానే పెద్ద గంగాళం వెనక తలకు తువ్వాలు చుట్టుకుని నిలబడ్డాడు. వియ్యంకుల్లో పెద్దాయన ఒకరు మొహమాటానికి సగం తాగి గ్లాసు పక్కన పెట్టబోతే చిన్నమామ ఊరుకోలేదు. "మా పిల్లను తీస్కపోవాలంటె గిలాస ఖాళీ చెయ్యాలె బావ!" అని గట్టిగా అరిచాడు. పందిట్లో ఉన్నవాళ్లంతా అటు తిరిగారు. పట్టుచీరలో తల వంచుకుని కూర్చున్న నేను కూడా తలెత్తి చూశాను. ఆ పెద్దాయన నవ్వుతూ గ్లాసు ఎత్తి, చివరి చుక్క దాకా తాగి, బోర్లించి చూపించాడు.