మాకు గదులిచ్చిన ఎమ్మెల్యే

"ఓనర్ అంకుల్ పోయిండటనే." పోయిన మంగళవారం జగిత్యాల నుంచి నా పాత రూమ్మేట్ ఫోన్ చేసి చెప్పింది. నేనుండేది కెనడాలో, ఇంకా ఆ గ్వెల్ఫ్ ఊళ్లోనే, ఆయన పొలానికి ఇరవై నిమిషాల దూరం. కబురు మాత్రం అక్కడి నుంచి వచ్చింది.

స్టూడెంట్లు వేలకు వేలు దిగుతున్న ఆ ఏడు మాకు గది దొరకలేదు. ఎవరి హాల్లోనో నేల మీద పడుకునేవాళ్లం. ఊరవతల ఆవులు పెంచుకునే ఆ రైతు తన ఇంటి పైఅంతస్తు మా ఇద్దరికీ ఇచ్చాడు. గ్యారంటర్ ఎవరని కూడా అడగలేదు. పాలు పితికి వచ్చి, బూట్లు బయటే విప్పి, మెట్ల మీద మాకో సీసా పెట్టి వెళ్లేవాడు. "ఆకలితో ఉన్నవాళ్లతో వాతావరణం గురించి మాట్లాడకూడదు, ముందు తిండి పెట్టాలి," అనేవాడు. ఈనలేక అవస్థపడుతున్న ఆవు దగ్గర నన్ను నిలబెట్టి, దూడ కాళ్లు పట్టుకుని ఎలా లాగాలో నేర్పింది ఆయనే.

తర్వాత ప్రావిన్స్ అసెంబ్లీకి పోటీ చేశాడు. మేం బురదలో ఇల్లిల్లూ తిరిగి కరపత్రాలు పంచాం. గెలిచాడు. మా ఓనరే ఎమ్మెల్యే అని ఇంటికి ఫోన్ చేసి గొప్పలు చెప్పుకున్నాం.

ఆ చలికాలమే ఊళ్లో జనం మా మీద మండిపడ్డారు. అద్దెలు పెరిగింది మా వల్లేనన్నారు. ఊరి హాల్లో మీటింగ్ పెట్టారు. కుర్చీలు వేసింది మేమే. ఆయన మైకు పట్టుకుని, "ఇంతమంది స్టూడెంట్లను ఈ ఊరు మోయలేదు. వెనక్కి పంపాలి," అన్నాడు. హాలంతా చప్పట్లు. అలవాటు కొద్దీ నేనూ రెండుసార్లు కొట్టాను.

మర్నాడు పైకి వచ్చి, విలేకరులు వాసన పట్టకముందే ఖాళీ చేయమన్నాడు.

"ఇంత చలిలో ఎక్కడికి వెళ్తాం అంకుల్?" రూమ్మేట్ ఏడ్చింది.

ఆయన గొంతులో కోపం కూడా లేదు. "మీకు ఓటు లేదు కదా," అన్నాడు. మా సూట్‌కేసులు తనే మోసి, రోడ్డు పక్కన మంచులో పెట్టాడు.

నేను పనిచేసే బేకరీ ఆవిడ ఒక్కరికే చోటుందంది. నేను వెళ్లిపోయాను. రూమ్మేట్ మూడు వారాలు తెలిసినవాళ్ల కారులో పడుకుంది. న్యుమోనియా వచ్చింది. పరీక్షలు పోయాయి, ఆ తర్వాత స్టడీ పర్మిట్ పోయి ఇంటికి తిరిగొచ్చేసింది. జగిత్యాల బస్టాండు ఎదుట ఇప్పుడు జిరాక్స్ షాపు నడుపుతోంది.

ఆ తర్వాతి ఎన్నికల్లో ఆయన ఓడిపోయాడు. ఒకసారి సరుకుల దుకాణంలో ఎదురుపడి, నన్ను గుర్తుపట్టి, ట్రాలీ వెనక్కి తిప్పుకున్నాడు. ఒక్క మాటైనా అంటాడని చాలా రోజులు చూశాను. అనలేదు.

"నువ్వు మట్టికి పోతున్నవా?" అంది రూమ్మేట్ ఫోన్లో.

"పోతా."

"పో. నా దిక్కు నుంచి ఏం చెప్పకు."

దూడ ఊపిరి అందుకున్న పొద్దున ఆయన నా భుజం తట్టాడు. అది మరిచిపోలేకే వెళ్లాను.

శ్మశానంలో ప్రార్థన కాగానే అందరూ చలికి కార్లలోకి చేరారు. గొయ్యి పూడ్చే మెషిన్ నడిపేవాడు ఇంజిన్ ఆపకుండా, నేనెప్పుడు కదులుతానా అని చూస్తున్నాడు. పక్కకు జరిగాను. మట్టి గడ్డకట్టిపోయి ఉంది. పెట్టె మీద రాళ్లలా పడింది.