ఎంగిలి చేయని పండు

మా అత్తగారింట్లో దేవుడికి పెట్టే పండును ముందుగా రుచి చూడకూడదు, వాసన కూడా చూడకూడదు. అందుకని చూపుతోనే పోల్చుకోవడం అలవాటైంది. అక్షరాలు నాకు యాభై ఏళ్ళు దాటాక నేర్చుకున్నాను గానీ, ఈ విద్య కాపురానికి వచ్చిన కొత్తలోనే పట్టుబడింది. కొత్తపల్లి కొబ్బరి మామిడికి తొడిమ చుట్టూ గుంట పడి, భుజాలు పైకి లేవాలి. తోలు నిగనిగ తగ్గి, సన్నగా ముడత మొదలవ్వాలి. రంగును నమ్మకూడదు.

దేవుడి తరువాత మొదటి ముక్క మా ఆయనది. నోట్లో వేసుకుని కళ్ళు మూసుకునేవారు. నేను ఏరిన పండు ఎలాంటిదో నాకు ఆ ముఖంలోనే తెలిసేది. నా వంతుకు టెంక మిగిలేది.

నిరుడు ఆయనకు గొంతులో పుండు తేలింది. కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి కరెంటు, అదే రేడియేషను, పెట్టించాం. పుండు మానింది, నోటి రుచి పోయింది. మళ్ళీ మామిళ్ళ నాటికి రాకపోతే ఇక ఆశ పెట్టుకోవద్దన్నారు డాక్టరుగారు.

ఈ వేసవిలో ఆయనే నోరు తెరిచి అడిగారు.

"మామిడిపండు తేవే. నువ్వేరిందే తే."

అమలాపురం మార్కెట్‌కు పరిగెత్తాను. పళ్ళమ్మే ఆవిడ నవ్వింది.

"మీరొచ్చేరంటే నా గంపలో ఇంక అడుగు సరుకే మిగుల్తాదండీ. ఒక్క పండూ నొక్కరు, అలా చూసి తీసేత్తారు!"

దీపం పెట్టి, కోసి ఇచ్చాను. చాలాసేపు నమిలారు. కళ్ళు మూతపడలేదు.

"మట్టిలా ఉందే."

"పుల్లగా ఉందాండీ?"

"పులుపైనా బావుణ్ణు. నీ కళ్ళకి పొరలొచ్చేయేమో చూపించుకో."

"ఆయ్, వచ్చే ఉంటాయండీ. ఆ గంపావిడ మందేసి మగ్గబెట్టిన సరుకు అంటగట్టేసింది," అన్నాను. ఆయన నవ్వారు.

తరువాత తెచ్చినవీ అంతే. ఒకసారి ఎండ చాల్లేదన్నాను, ఒకసారి ముందే కోసేశారన్నాను. మిగిలిన ముక్కలు పక్కింటి దూడకు పెట్టేదాన్ని. నేను మాత్రం నోట పెట్టలేదు. పెట్టనంతకాలం తప్పు పండుదే అనుకోవచ్చు.

మొన్న ఇక ఉండబట్టలేదు. దేవుడికి చూపించకుండా, వంటింటి వెనక నిలబడి ఒక ముక్క కోసుకున్నాను. చప్పగా ఉండాలని మొక్కుకుంటూ నోట్లో పెట్టుకున్నాను.

తేనె.

కత్తి చప్పుడు విన్నారేమో, గదిలోంచి ఆయన గొంతు వినిపించింది.

"ఈసారెలా ఉందే?"

"ఇదీ బాలేదండీ. పారేస్తున్నాను."

"పోన్లే. రేపు ఇంకోటి చూద్దువుగాని."