మందమర్రిలో దిగని మనిషి

బెల్లంపల్లిలో రైలెక్కగానే మా బాపు ట్రాన్సిస్టర్ వెనక మూత విప్పాను. బాపు పోయినప్పటి నుంచి అది పలకడం లేదు. కొత్త సెల్స్ వేసినా అంతే. లోపల మైనం పోసిన చిన్న మర ఒకటి కనిపించింది. దానికి స్క్రూడ్రైవర్ ఆనించానో లేదో, ఎదుటి సీటు పెద్దమనిషి నా మణికట్టు పట్టుకున్నాడు.

"గది ముట్టకు బిడ్డా. తిప్పినవంటే ఇగ ఏ స్టేషన్ దొరకది. సెట్ చేసినోడు కదలొద్దనే మైనం పోసిండు."

నాకు ఒళ్లు మండింది. ఆయన రేడియోను తన ఒళ్లోకి లాక్కున్నాడు. సెల్స్ ఆనే స్ప్రింగు చిలుము పట్టి పచ్చగా ఉంది. అగ్గిపెట్టె గరుకు వైపుతో దాన్ని గట్టిగా రుద్దాడు. ఎర్ర వైరు పుటుక్కున ఊడొచ్చింది.

అంతలో మందమర్రి వచ్చింది.

"నువ్వు దిగేది ఈడనే అంటివి గదా పెద్దయ్యా. ఇగ ఇచ్చెయ్" అన్నాను, చెయ్యి చాపి.

ఆయన తలెత్తలేదు. పంటితో వైరు కొస ఒలిచి స్ప్రింగుకు చుడుతూనే ఉన్నాడు. రైలు కదిలింది.

"బొగ్గుబాయి మీద లాంపు రూంల చేసిన. లోపటికి దిగేటోళ్లకు దీపాలిచ్చే పని. వెలగని దీపం ఎవ్వలి చేతుల పెట్టలే."

మంచిర్యాల దగ్గర పడుతుండగా రేడియో గురగురమని, వార్తలు చదివే గొంతు అందుకుంది. అప్పుడు గానీ దాన్ని నా చేతిలో పెట్టలేదు.

బాపు కూడా అలాంటి దీపం పెట్టుకునే బొగ్గుబాయిలో దిగేవాడు. ఏ బాయి మీద చేశావని అడగాలని తట్టేసరికి, ఆయన అప్పటికే రైలు దిగి, అవతలి ప్లాట్‌ఫాం మీద వెనక్కి పోయే బండి కోసం నిలబడి ఉన్నాడు.