పూజారికి పోయిన కందిపప్పు ఫోన్

మొన్న మా పప్పు మిల్లు ఆఫీసులో నేను చేసిన ఘనకార్యం వింటే, నారాయణఖేడ్‌లో ఇగ ఎవరూ నా చేతికి ఫోన్ ఇయ్యరు!

మిల్లులో ముప్పై ఏండ్ల నుంచి ఫోన్ ఎత్తేది నేనే. మొన్న కొత్త ఫోన్ సిస్టమ్ తెచ్చిండ్రు. ఒక్క బటన్ నొక్కితే చాలు, కావాల్సినోళ్లకు కాల్ పోతదట. ఆఫీసు బంద్ అయినంక ఎవరన్నా ఫోన్ చేస్తే, అది ఒకటో బటన్‌లో ఉన్న నంబరుకు దానంతటదే పోతదట.

బిగించిన మెకానిక్, "పెద్దాయనా, ఒకటో బటన్ల సేట్ సెల్ నంబర్ పెడుదాం. టైమింగులు గూడ నేనే సెట్ చేసి పోత" అన్నడు.

"నాకు చదువు రాదనుకున్నవా? రాత్రి బడిల నేర్చుకున్న. ఎట్ల సెట్ చెయ్యాల్నో రాసున్న గా కాయితం ఇచ్చి నువ్వు పో!" అన్న.

మా మిల్లులో ఏ సీజన్ మొదలైనా మొదటి దోసెడు పప్పు పోచమ్మకు తీసిపెడతం. మరి మొదటి బటన్ సేట్‌కు ఎట్ల ఇస్త? అమ్మవారికి సెల్ లేదాయె. గుడి పూజారి మల్లయ్య నంబరు పెట్టిన. సేట్‌కు రెండోది. ఆఫీసు టైమ్ 09:00 నుంచి 18:00 అని కాయితంలో ఉన్నది ఉన్నట్టు కొట్టిన. ఆఖరికి ఆ ఫోన్ పెట్టె, ఇప్పుడు టైమ్ ఎంత అని అడిగింది. గోడ గడియారం చూసిన. మధ్యాహ్నం మూడు. 03:00 కొట్టి చేతులు దులుపుకున్న.

ఆ దినమే హైదరాబాద్ బేపారి ఫోన్ రావాలె. లారీ నిండ కందిపప్పు బేరం. మనం ఎత్తకపోతే ఇంకో మిల్లుకు పోతడు.

నాలుగైంది. ఐదైంది. ఫోన్ కిక్కురుమనలే!

"ఏంది పెద్దాయనా, మోగుతనే లేదు?" సేట్ ఒకటే పరేషాన్.

"చేస్తే మోగదా? ఆయన ఇంకా చెయ్యలే" అన్న గట్టిగ.

అంతల మల్లయ్య బండి మీద ఉరుక్కుంట వచ్చిండు. "నర్సయ్యా, ఏం చేసినవయ్యా! మీ గిరాకీలంత నాకు ఫోన్ చేస్తుండ్రు. మీకు చెప్దామని ఆఫీసుకు చేస్తే, నా ఫోనే నాకు ఎంగేజ్ వస్తుంది!"

అప్పుడు వెలిగింది. ఆ పెట్టె లెక్కల 03:00 అంటే తెల్లవారుజామున మూడు. పగటికి 15:00 కొట్టాలెనట. ఆఫీసు ఇంకా తెరవలేదనుకొని, వచ్చిన ప్రతి కాల్‌నూ గుడికి పంపింది!

సేట్ మొఖం పాలిపోయింది. "హైదరాబాద్ ఆయన గూడ చేసిండా?"

"అన్నిటికంటె ముందు ఎవరో ఫోన్ చేసి, లారీ ఎప్పుడు పంపాలె అన్నడు. లారీల జనంతోని వచ్చి మొక్కు తీర్చుకునేటోళ్లు అనుకున్న. ఆదివారం పొద్దుగాల రాండ్రి, జాగా మస్తుంది, సల్లగ కూసొని తిని పోండ్రి అన్న" అన్నడు మల్లయ్య.

సేట్ జల్దీ జల్దీ బేపారికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టిండు. మాఫీ అడగబోతుంటే ఆయనే అందుకున్నడు.

"సేట్, ఆదివారం లారీ పంపుతున్న. కొత్త మనిషిని పెట్టిండ్రా? ఎంత మంచిగ మాట్లాడిండు! ఇంటోళ్లంత బాగున్నరా అని అడిగిండు, తిని పొమ్మన్నడు. నిజం చెప్తున్న, మళ్లా ఆ పాత ముసలాయన ఎత్తి కసురుకుంటడని ఈసారి వేరే మిల్లుకు చేద్దామనుకున్న!"

స్పీకర్ ఎందుకు పెట్టిండో! మల్లయ్య కిటికీ దిక్కు తిరిగిండు. ఆయన భుజాలు ఊగుతున్నయి.

సేట్ ఫోన్ పెట్టేసి, నెమ్మదిగ అన్నడు: "పెద్దాయనా, గడియారం సంగతి మెకానిక్ చూసుకుంటడు. నువ్వు మాత్రం ఫోన్ మోగినా ఎత్తకు."

ముప్పై ఏండ్ల నౌకరీలో సేట్ మాటకు ఎదురు చెప్పకుండ నేను తల ఊపింది గదొక్కసారే.