డ్రమ్ము చూడకుండా రాసిన అంకెలు

నా చిన్నప్పుడు, అయిదో తరగతి చదివే రోజుల్లో, పొద్దున లేవగానే నాకొక డ్యూటీ ఉండేది. రామగిరి దగ్గర మా ఊళ్లో, మా పెరట్లో, ఒక కాలేజీ నుంచి వచ్చిన పరిశోధన సారు గోబర్ గ్యాస్ ప్లాంటు కట్టించాడు. ఇటుకల గుంతలో పేడనీళ్లు, వాటి మీద బోర్లించిన ఇనుప డ్రమ్ము. గ్యాస్ నిండితే డ్రమ్ము పైకి లేస్తుంది, వాడుకుంటే దిగుతుంది. పేడ ఎంత వేస్తే గ్యాస్ ఎంత వస్తుంది, ఎంత కాలకుండా గాలిలో కలిసిపోతుంది అన్నది సారు తేల్చాలి. అందుకు నేను రోజూ ఒక పుస్తకంలో మూడు రాయాలి: తేదీ, వేసిన పేడ బకెట్లు, పక్కన పాతిన కొలబద్ద మీద డ్రమ్ము ఎత్తు. ఆదివారం సారు ఫోన్ చేస్తే చదివి వినిపించాలి.

ఆ ప్లాంటుకు మా ఇంట్లో ఒప్పుకున్నది పరిశోధన కోసం కాదు. మా అవ్వకు ఆయాసం. కట్టెల పొగ తగలకూడదని దవాఖానలో గట్టిగా చెప్పారు.

మొదట్లో శ్రద్ధగా రాశాను. చలికాలం వచ్చాక దుప్పట్లోంచి లేవబుద్ధి కాలేదు. డ్రమ్ము ఎలాగూ నలభై దగ్గరే ఉంటుంది కదా అని పడుకునే రాయడం మొదలుపెట్టాను. వరుసగా ఒకే అంకె రాస్తే దొరికిపోతానని నలభై ఒకటి, నలభై రెండు, మళ్లీ నలభై, ఇలా మార్చి రాసేవాణ్ణి. అబద్ధంలో కూడా నాకు ఒక పద్ధతి ఉండేది.

ఒక ఆదివారం అవ్వ ఫోన్ తీసుకొని, మంట సన్నగైంది, అన్నం ఉడుకుత లేదు అని సారుతో చెప్పింది. అంకెలన్నీ బాగున్నాయి, గ్యాస్ నిండుగా ఉంది, పొయ్యి రంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి అన్నాడు సారు. అవ్వ సూదితో రంధ్రాలన్నీ పొడిచింది. మంట పెరగలేదు. మర్నాటి నుంచి కట్టెల పొయ్యి రాజేసింది. నేను బడి నుంచి వచ్చేసరికి గోడకు ఆనుకొని కూర్చొని, ఒక్కో దగ్గు మధ్య ఊపిరి కోసం ఆగుతూ ఉండేది. అది చూసి కూడా నా పుస్తకం సంగతి ఎవరికీ చెప్పలేదు.

మా తాత బొగ్గు గనిలో, అంటుకుంటే పేలే గ్యాస్ ఎక్కడన్నా ఉందేమో పరీక్ష చేసే సర్దారుగా చేసి రిటైరయ్యాడు. మోకాళ్లు అరిగి, పెరటి దాకా పోవాలన్నా గోడ పట్టుకొని నడిచేవాడు. బుధవారం పొద్దున నన్ను పిలిచాడు.

"డ్రమ్ము చూసినవారా?"

"చూసిన తాతా. నలభై ఒకటి."

"అయితే ఎనుక గోడ మీద ఏం రాసున్నది?"

తాత గోడ పట్టుకొని లేచాడు. నన్ను వెంటబెట్టుకొని మెల్లగా పెరట్లోకి నడిచాడు. కొలబద్ద వెనక ఇటుక గోడ మీద సుద్దముక్కతో మూడు తేదీలు, ప్రతి తేదీ పక్కన ఒక అంకె, తాత పొట్టి సంతకం. ముప్పై ఒకటి. ఇరవై ఆరు. ఇరవై రెండు. గనిలో సర్దారు ఎక్కడ గ్యాస్ చూశాడో అక్కడే సుద్దతో తేదీ వేసి సంతకం చేయాలట. పైకొచ్చి పుస్తకంలో రాయడం ఆ తరువాతే.

నేను ఏడుపు మొదలుపెట్టాను. తాత తిట్టలేదు. గట్టు మీద కూర్చొని చాలాసేపు మోకాలు రుద్దుకున్నాడు.

"నేను గూడ ఒక్కపారి పోకుండ రాసిన్రా," అన్నాడు. "రెండో షిఫ్టు. కాళ్లు గుంజుతున్నయ్. ఆఖరి జాగకు పోలే. గ్యాస్ లేదని రాసిన."

"ఏమైంది తాతా?"

"ఏం కాలే. గదే నా బాధ. ఏదన్న అయ్యుంటే బుద్ధచ్చేది. ఏం కాకపోయేసరికి ఇంకోపారి రాయబుద్ధయితది. గా బుద్ధితోనే కొట్లాడుకుంట ఇన్నేండ్లు డ్యూటీ చేసిన."

లోపలి నుంచి అవ్వ దగ్గి, గొంతు సవరించుకొని అంది: "బిడ్డా, నీ పుస్తకంల గ్యాస్ మస్తుగున్నదట గద. గా పుస్తకం మీద ఎసరు పెట్టనా?"

సారుకు ఫోన్ కలిపి నా చేతికిచ్చారు. చూడకుండా రాశానని నేనే చెప్పాను.  చెరిపేయకు, ఆ రోజులన్నిటి మీదా అడ్డగీత కొట్టు అన్నాడు సారు. మర్నాడు వచ్చి గొట్టం అతుకుల మీద సబ్బునీళ్లు పూశాడు. ఒక అతుకు దగ్గర నురగ బుడగలు బుడగలుగా లేచింది. అతుకు బిగించారు. వారానికి డ్రమ్ము లేచింది. అవ్వ దగ్గు తగ్గడానికి మాత్రం ఎండాకాలం దాకా పట్టింది. ఆ దగ్గు విన్న ప్రతిసారీ నేను పుస్తకం పట్టుకొని పెరట్లోకి పోయేవాణ్ణి, పొద్దున ఒకసారి చూసి వచ్చినా సరే.

ఇప్పుడు నా ఉద్యోగం కూడా అదే. మంచిర్యాల నుంచి కాసిపేట దాకా పేడగుంతలు, చెత్తకుప్పలు, గ్యాస్ ప్లాంట్లు తిరిగి, వాటి నుంచి ఎంత మీథేన్, అంటే మా డ్రమ్ములో నిండిన ఆ గ్యాసే, గాలిలోకి పోతోందో కొలుస్తాను. మిషన్ బరువు, ఎండ బరువు, సాయంత్రానికి నా కాళ్లూ గుంజుతాయి. ఇంకా నాలుగు గుంతలు మిగిలే ఉంటాయి. వాటి అంకెలు ఎంత ఉంటాయో నాకు దాదాపు తెలుసు. రాసేస్తే ఎవరూ పట్టుకోలేరు, ఏమీ కాదు కూడా. ఓపిక ఉన్న రోజు పోతాను. లేని రోజు ఆ గడిలో "వెళ్లలేదు" అని రాస్తాను. నా పట్టికల్లో ఆ మాట మరీ ఎక్కువగా కనిపిస్తోందని మా పై అధికారి విసుక్కుంటాడు. నిజమే, ఎక్కువే. నిన్న కూడా రెండు చోట్ల రాశాను.