తలుపు వేసి సర్దిన ఇల్లు

మా ముత్తాత తర్లుపాడు పక్కన మా ఊరికి మునసబు. ఆయన పల్లకీలో మార్కాపురం కచేరీకి బయలుదేరితే ఎదురొచ్చే బండ్లు పక్కకు తప్పుకునేవి. ఆయన తర్వాత ఆ మునసబీ మా తాతకు వచ్చింది. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను. మొన్న మా కోడలు ఈ అద్దె ఇంట్లో నా ట్రంకుపెట్టెను మంచం కిందికి తోస్తూ, ఇల్లు ఇరుకైపోయింది, పనికిరానివి తీసేద్దామా మామయ్యా అని మెల్లగా అడిగింది. ఏడంకణాల మిద్దెలో పుట్టి కూడా నేను ఇరుకులోనే పెరిగిన సంగతి ఆమెకు తెలియదు.

మా మిద్దెలోకి వచ్చిన వస్తువు మళ్లీ బయటికి పోయేది కాదు. అవి పంటలు తప్పిన సంవత్సరాలు. మునసబు ఇంట్లో నుంచి చిల్లు గంగాళం బయటికి పోయినా, అమ్ముకుంటున్నారని జనం అనుకుంటారని తాత భయం. అందువల్ల చచ్చిపోయిన ఎద్దుల మెడపట్టెడలు, విరిగిన ఇరుసులు, చిరిగిన జంపఖానాలు గదుల నిండా పేరుకుపోయాయి. వాటి మధ్య, మోసే బోయీలు లేని ఆ పల్లకీ.

అలాంటి ఇంటికి మా మేనత్త తొలి కాన్పుకు వచ్చింది. నెలలు నిండుతున్నాయి, మంచం వేయడానికి ఒక్క గది లేదు. పెరటి గది ఖాళీ చేయాలని అవ్వ పట్టుబట్టింది. తాత ఒప్పుకున్నాడు కానీ, వీధి తలుపు వేసి సర్దమన్నాడు. అప్పుడప్పుడే మీసాలొస్తున్న నేనూ, మా నాయనా పెరటి గది సామాను నడిమింట్లోకి, నడిమింటిది వంటింట్లోకి మోశాము. సాయంత్రానికి పొయ్యి దగ్గరికి పోవడానికి దారి లేక, వంటింట్లోకి మోసిన సామానంతా తెచ్చి మళ్లీ పెరటి గదిలోనే పెట్టాము.

గడప మీద కూర్చుని ఇదంతా చూస్తున్న మేనత్త అంది: "పోనీలే నాయనా, ఆ పల్లకీలోనే కంటాలే. బిడ్డ మునసబయ్యే పుడతాడు."

ఎవరమూ నవ్వలేదు. తాతతో నేరుగా మాట్లాడని అవ్వ నా వైపు తిరిగి, "మీ తాతకు చెప్పురా. పరువును ఇంట్లో పండబెట్టి, కూతుర్ని వీధిలో కనమంటాడా ఏంది? తెల్లారి తలుపు నేనే తీస్తా" అంది.

అన్నట్టే తీసింది. సామానంతా వీధిలో పడుతుంటే తాత తలపాగా చుట్టుకుని అరుగు మీద నిటారుగా కూర్చున్నాడు. ఆయన భయపడ్డ మాటే ఎదురింటి పెద్దమ్మ నోట వచ్చింది.

"ఏంది మామా, అన్నీ అమ్ముతుండావా?"

తాత తలపాగా సర్దుకుని, "కూతురు కాన్పుకు వచ్చినాది. గది కావాల" అన్నాడు.

"ఆ మాట నిన్ననే చెప్తే మేం రామా? అట్ల కూచోబాకు, కాళ్లు తియ్యి" అంటూ ఆమె కొంగు బిగించి గంగాళం ఒక చెవి పట్టుకుంది. మధ్యాహ్నానికి వీధిలోని ఆడవాళ్లే గది అలికి ముగ్గు పెట్టారు. అందులోనే మేనత్తకు ఆడపిల్ల పుట్టింది.

ఇప్పుడు నేనుండే వీధిలో ఎవరి ఇంట్లో నుంచి ఏది పోయినా, ఏందని అడిగే మనిషి లేదు. దాపరికం అవసరం లేదు, సాయం రావడమూ లేదు.

తాత పోయిన తర్వాత, పెరటి గదితో సహా ఆ మిద్దెను ఒక మార్కాపురం పలకల వ్యాపారికి అమ్మాము.